కంటికి ఆనని తరుగు

2022 ఫిబ్రవరి 11న స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన ఒక ఉత్తర్వు గురించి దేశమంతా మాట్లాడుకుంది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి (ఎన్‌ఎస్‌ఈ) మాజీ అధిపతి చిత్రా రామకృష్ణ సంస్థ లోపలి సమాచారాన్ని ఈమెయిళ్లలో ఒక అజ్ఞాత వ్యక్తితో పంచుకున్నారని అందులో ఉంది. ఆయన హిమాలయాల్లో సంచరించే యోగి అని, తనకు దారి చూపే గురువు అని ఆమె సెబీకి చెప్పారు. ఆ యోగి ఎవరు, ఎక్కడుంటారు, అసలు ఉన్నారా అని వారాల తరబడి టీవీల్లో చర్చలు సాగాయి.

అదే ఎక్స్ఛేంజి మీద సెబీ అంతకు దాదాపు మూడేళ్ల ముందు, 2019 ఏప్రిల్ 30న, ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. 624.89 కోట్ల రూపాయలను 12 శాతం వడ్డీతో కలిపి కట్టమంది. ధరల సమాచారం కొందరు బ్రోకర్లకు మిగతావారి కంటే ముందుగా చేరే వీలున్న ఏర్పాటును ఎక్స్ఛేంజి కొన్నేళ్లు నడిపిందన్నది అందులోని అభియోగం. ఎంత ముందుగా? నిమిషాలు కాదు, సెకన్లు కాదు. ఒక్క సెకనులో అతి చిన్న భాగాల తేడా. ఆ ఉత్తర్వు వ్యాపార వార్తలు చదివేవారిని దాటి ముందుకు పోలేదు. యోగి సంగతి ఊరూవాడా తెలిసింది. సొమ్ము సంగతి కొద్దిమందికే తెలిసింది.

ఈ తేడాకు జనాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఎవరి జేబులోంచి ఎంత పోతోందో కనిపించని చోట కోపం పుట్టదు. స్టాక్ మార్కెట్లలో అతివేగ ట్రేడింగ్ సరిగ్గా అలాంటి చోటే నడుస్తుంది.

అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఎక్స్ఛేంజి లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఒకప్పుడు బొంబాయి దలాల్ స్ట్రీట్‌లో బ్రోకర్లు గుమిగూడి కేకలు వేస్తూ బేరాలు కుదుర్చుకునేవారు. 1994లో ఎన్‌ఎస్‌ఈ కంప్యూటర్ తెరల మీద వ్యాపారం మొదలుపెట్టాక ఆ కేకలు క్రమంగా ఆగిపోయాయి. ఇప్పుడు కొనేవారి ఆర్డర్లను, అమ్మేవారి ఆర్డర్లను ఒక కంప్యూటర్ జతచేస్తుంది. దాని నియమాలు రెండే. మంచి ధర ఇచ్చినవారికి మొదటి అవకాశం. ఒకే ధర చాలామంది ఇస్తే, ఎవరి ఆర్డరు ముందు చేరిందో వారికి మొదటి అవకాశం. మనుషులు ఫోన్లు చేసి ఆర్డర్లు పెట్టిన కాలంలో ఈ రెండో నియమం న్యాయంగానే ఉండేది. ఆర్డర్లు పెట్టేది యంత్రాలైనప్పుడు, ‘ముందు’ అనేది సెకనులో పది లక్షలో వంతు, అంటే ఒక మైక్రోసెకను తేడాతో తేలిపోతుంది. కనురెప్ప ఒకసారి వాలి లేవడానికి అలాంటివి లక్షకు పైగా పడతాయి.

ఒక మైక్రోసెకనులో కాంతి శూన్యంలో దాదాపు 300 మీటర్లు పోతుంది. ఆప్టికల్ ఫైబర్ గాజులో అయితే వేగం మూడో వంతు తగ్గి సుమారు 200 మీటర్లే. అంటే ఎక్స్ఛేంజి కంప్యూటర్‌కు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడు, పక్క గదిలో ఉన్నవాడి కంటే 10 మైక్రోసెకన్లు వెనకబడినట్టే. అందుకే ఎక్స్ఛేంజిలు తమ ప్రాంగణంలోనే స్థలం అద్దెకిచ్చి, ట్రేడింగ్ సంస్థల సర్వర్లను అక్కడే పెట్టుకోనిస్తాయి. దీన్నే కో-లొకేషన్ అంటారు. ముంబయి బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని ఎన్‌ఎస్‌ఈలోనూ ఇది ఉంది. హైదరాబాద్‌లోనో రాజమండ్రిలోనో ఫోన్‌లో యాప్ తెరిచి ‘బై’ నొక్కిన మనిషి ఆర్డరు బ్రోకర్ సర్వర్ల మీదుగా అక్కడికి చేరేలోపు, ఆ గదుల్లోని యంత్రాలు ఎన్నో నిర్ణయాలు తీసుకుని, అమలు చేసి, రద్దు కూడా చేసి ఉంటాయి.

ఇంత తొందర దేనికి? దీనికి అమెరికాలో చక్కటి ఉదాహరణ ఉంది. అక్కడి ఎస్ అండ్ పీ 500 సూచీకి సంబంధించిన ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసే ఒప్పందాలు) షికాగో ఎక్స్ఛేంజిలో ట్రేడవుతాయి. అదే సూచీని అనుసరించే ఫండ్ యూనిట్లు న్యూయార్క్ పక్కన న్యూజెర్సీలోని డేటా సెంటర్లలో ట్రేడవుతాయి. రెండింటి ధరలూ కలిసే నడవాలి. షికాగోలో ధర పెరిగిందనుకోండి. ఆ కబురు న్యూజెర్సీ చేరేలోపు అక్కడ కొందరి అమ్మకం ఆర్డర్లు ఇంకా పాత ధర మీదే ఉంటాయి. ఎవరు మొదట ఆ కబురు అందుకుంటే వారు ఆ పాత ధరకు కొని, వెంటనే కొత్త ధరకు అమ్ముకోవచ్చు. ఇందులో కంపెనీల లాభనష్టాల గురించి ఏ పరిశోధనా లేదు. ముందుచూపూ అక్కర్లేదు. ఇంకాసేపట్లో అందరికీ తెలిసేదాన్ని ఒక్క క్షణం ముందు తెలుసుకోవడమే మొత్తం విద్య.

ఆ క్షణం కోసం స్ప్రెడ్ నెట్‌వర్క్స్ అనే సంస్థ షికాగో నుంచి న్యూజెర్సీకి సుమారు 1,330 కిలోమీటర్ల ఫైబర్ కేబుల్ వేసింది. వీలైనంత తిన్నగా పోవాలని పెన్సిల్వేనియాలో కొండలను తొలిచింది. ఖర్చు 30 కోట్ల డాలర్లని అంచనా. 2010లో ఆ కేబుల్ సిద్ధమయ్యాక, కబురు వెళ్లి రావడానికి పట్టే కాలం 16 మిల్లీసెకన్ల నుంచి 13కు తగ్గింది. మూడు మిల్లీసెకన్ల ఆదా. కొద్ది సంవత్సరాల్లోనే వేరే సంస్థలు టవర్ల మీదుగా మైక్రోవేవ్ సంకేతాలు పంపడం మొదలుపెట్టాయి. గాలిలో తరంగాలు గాజులో కాంతి కంటే వేగంగా పోతాయి కాబట్టి ఆ కాలం 8.5 మిల్లీసెకన్ల లోపుకు దిగింది. కొండలు తొలిచి వేసిన కేబుల్ సంస్థను 2017లో ఇంకొకరు 12.7 కోట్ల డాలర్లకు కొనేందుకు ఒప్పందం కుదిరింది. ఇంత ఇంజనీరింగ్ వల్ల ఒక్క కంపెనీకి కొత్త పెట్టుబడి రాలేదు, ఒక్క మదుపరికి మంచి సలహా అందలేదు. పక్కవాడి కంటే ముందుండడం కోసం పెట్టిన ఖర్చు అది. పక్కవాడూ అంతే ఖర్చు పెట్టాక మిగిలేది శూన్యం.

షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఎరిక్ బుడిష్, మరో ఇద్దరితో కలిసి ఈ పోటీని కొలిచారు. 2005లో ఇలాంటి ధరల తేడా ఒకటి కనిపిస్తే అది సుమారు 97 మిల్లీసెకన్లు నిలిచేది. 2011 నాటికి 7 మిల్లీసెకన్లకు పడిపోయింది. పోటీ పెరిగినకొద్దీ లాభం కరిగిపోవాలి కదా. కరగలేదు. ఒక్కో అవకాశం మీద వచ్చే లాభం దాదాపు అంతే ఉంది. గెలవాలంటే ఎంత వేగం కావాలో అది మాత్రమే మారింది. అంటే ఈ పరుగు తనంతట తాను ఆగేది కాదు. మార్కెట్ నియమం లోంచే అది పుడుతోంది.

మరి ఇందులో మామూలు మనుషుల సొమ్ము ఎంత? ఈ ప్రశ్నకు ఇంతవరకు వచ్చిన జవాబుల్లో గట్టిది లండన్ నుంచి వచ్చింది. బుడిష్ ఈసారి బ్రిటన్ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏకు చెందిన ఇద్దరు ఆర్థికవేత్తలతో పనిచేశారు. మామూలుగా పరిశోధకులకు దొరికే రికార్డుల్లో కుదిరిన బేరాలే ఉంటాయి. పరుగులో ఓడిపోయినవారి సందేశాలు ఉండవు. ఎఫ్‌సీఏ తన అధికారంతో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజి నుంచి 2015లో 43 రోజుల సందేశాలన్నింటినీ తెప్పించింది, ఓడినవాటితో సహా. చూస్తే, పెద్ద కంపెనీల ఒక్కో షేరులో సగటున నిమిషానికి ఒక పరుగు జరుగుతోంది. గెలిచినవాడికీ ఓడినవాడికీ మధ్య తేడా ఎక్కువగా 5 నుంచి 10 మైక్రోసెకన్లు. మొత్తం వ్యాపారంలో ఐదో వంతు ఈ పరుగుల్లోనే సాగుతోంది. గెలుపుల్లో 80 శాతానికి పైగా ఆరే ఆరు సంస్థలవి.

ఈ పరుగుల వల్ల మార్కెట్‌లో అందరి మీదా పడే భారం వ్యాపార విలువలో 0.0042 శాతమని వారు తేల్చారు. లక్ష రూపాయల లావాదేవీ మీద నాలుగు రూపాయల ఇరవై పైసలు. నెలకు పదివేల రూపాయలు మ్యూచువల్ ఫండ్‌లో వేసే మనిషి లెక్కన చూస్తే నలభై రెండు పైసలు. ఇది బ్రిటన్ లెక్క. మన మార్కెట్‌కు యథాతథంగా వర్తిస్తుందని చెప్పలేం. పరిమాణం అంచనా కోసం తీసుకోవచ్చు. నలభై రెండు పైసల కోసం ఏ మనిషి ధర్నాకు దిగుతాడు? ఏ ఎమ్మెల్యే ప్రెస్ మీట్ పెడతాడు? అదే దామాషాను ప్రపంచ షేర్ మార్కెట్ల మీద లెక్కిస్తే ఏడాదికి సుమారు 500 కోట్ల డాలర్లు. నేటి మారకం ప్రకారం 40 వేల కోట్ల రూపాయల పైమాటే.

ధాన్యం కొనుగోలు కేంద్రంలో బస్తాకు కిలో, రెండు కిలోలు తరుగు తీస్తే రైతులు రోడ్డెక్కుతారు. కలెక్టర్ వస్తాడు. అసెంబ్లీలో గొడవ జరుగుతుంది. అక్కడ బస్తా కళ్లముందు ఉంటుంది, కాటా ఉంటుంది, తూకం వేసినవాడి ముఖం ఉంటుంది, చేతికొచ్చిన రశీదుకూ ఇంట్లో వేసుకున్న లెక్కకూ తేడా ఉంటుంది. షేర్ మార్కెట్‌లో ఈ తరుగు ఏ కాంట్రాక్ట్ నోట్‌లోనూ రాదు. బ్రోకరేజి కనిపిస్తుంది, లావాదేవీ పన్ను కనిపిస్తుంది, స్టాంపు డ్యూటీ కనిపిస్తుంది. కొన్న ధర ఒక్క పైసా అటూ ఇటూ జరిగిన కారణం మాత్రం కనిపించదు.

అమెరికా ఆర్థికవేత్త మాన్సర్ ఓల్సన్ 1965లోనే దీని మూలసూత్రాన్ని విడమరిచి చెప్పాడు. నష్టం కోట్లమందికి తలా కొంచెం పంచబడి, లాభం కొద్దిమందికి కుప్పగా వచ్చినప్పుడు, ఆ కొద్దిమందే సంఘటితమవుతారు. వారికి వకీళ్లు ఉంటారు, లాబీయిస్టులు ఉంటారు, నిపుణుల నివేదికలు ఉంటాయి. కోట్లమందికి ఆ సంగతి తెలుసుకునే తీరికే ఉండదు. అతివేగ ట్రేడింగ్‌లో దీనికి తోడు మరొకటి కలిసింది. కో-లొకేషన్ గదుల అద్దె, వేగవంతమైన డేటా సరఫరా చందా ఎక్స్ఛేంజిలకే ఆదాయం. కాటా పట్టుకున్నవాడికే ఆ వేగం అమ్మడంలో లాభం ఉంది.

అవతలి వాదనను కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. కంప్యూటర్ ట్రేడింగ్ వచ్చాక కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా బాగా తగ్గింది. ఇరవై, ముప్పై ఏళ్ల కిందట చిన్న మదుపరి ఇచ్చుకున్న కమీషన్లతో పోలిస్తే ఇప్పటి ఖర్చు చాలా తక్కువ. ఇదంతా నిజం. రెండువైపులా ధరలు చెబుతూ మార్కెట్‌ను నడిపించే సంస్థల్లో చాలావరకు ఈ వేగవంతమైనవే. అయితే యంత్రాల వల్ల వచ్చిన చౌక వేరు, యంత్రాల మధ్య పరుగు వల్ల పడే భారం వేరు. లండన్ అధ్యయనం ఈ రెండింటినీ విడదీసింది. ఆ పరుగును తీసేస్తే మదుపర్ల లావాదేవీ ఖర్చు ఇంకో 17 శాతం తగ్గుతుందని లెక్కగట్టింది. చౌకను చూపించి పరుగును సమర్థించడం కుదరదు.

మార్కెట్ కుప్పకూలితే అయినా రాజకీయం మేలుకోవాలి కదా అనిపిస్తుంది. 2010 మే 6న అమెరికాలో అది జరిగింది. మధ్యాహ్నం 2.32కు ఒక పెద్ద మదుపు సంస్థ 75 వేల ఫ్యూచర్స్ ఒప్పందాలను, సుమారు 410 కోట్ల డాలర్ల విలువైనవాటిని, కంప్యూటర్ ప్రోగ్రాం ద్వారా అమ్మకానికి పెట్టింది. కాసేపటికి వేగవంతమైన సంస్థలు ఆ ఒప్పందాలను ఒకదాని మీదికి ఒకటి తోసుకోవడం మొదలుపెట్టాయి. 2 గంటల 45 నిమిషాల 13వ సెకను నుంచి 27వ సెకను వరకు ఆ సంస్థలు 27 వేలకు పైగా ఒప్పందాలు చేతులు మార్చాయి. అంతా చేసి నికరంగా కొన్నవి సుమారు రెండు వందలు. డౌజోన్స్ సూచీ దాదాపు వెయ్యి పాయింట్లు పడిపోయింది. అప్పటివరకు 40 డాలర్ల దగ్గరున్న యాక్సెంచర్ షేరు ఒక్క సెంటుకు అమ్ముడైంది. 20 వేలకు పైగా లావాదేవీలను తర్వాత రద్దు చేయాల్సి వచ్చింది.

ఆ పతనాన్ని ఆపింది ఏమిటి? షికాగో ఎక్స్ఛేంజిలోని ఒక రక్షణ ఏర్పాటు 2.45 దాటిన 28వ సెకనులో ట్రేడింగ్‌ను నిలిపేసింది. ఐదు సెకన్లు. అంతే. ఐదు సెకన్ల తర్వాత తెరిచేసరికి కొనేవారు వచ్చారు, ధరలు కోలుకోవడం మొదలైంది. ఈ ఐదు సెకన్ల గురించి ఆ తర్వాత జరగాల్సినంత చర్చ జరగలేదు. క్షణక్షణం ఎడతెగకుండా వ్యాపారం సాగకపోతే మార్కెట్ పనిచేయదన్న వాదనకు ఇంతకంటే స్పష్టమైన జవాబు ఇంకేం కావాలి?

సాయంత్రానికి సూచీ చాలావరకు కోలుకుంది. అందుకే ప్రజల్లో గుబులు నిలవలేదు. 2008లో లాగా ఎవరి ఇల్లూ వేలానికి రాలేదు, ఏ బ్యాంకూ మూతపడలేదు. నియంత్రణ సంస్థలకు అసలేం జరిగిందో తేల్చడానికి దాదాపు ఐదు నెలలు పట్టింది. మార్కెట్ అంతటినీ కలిపి చూపే ఒక్క రికార్డు కూడా అప్పటికి వారి దగ్గర లేదు. అలాంటి రికార్డు తయారు చేయాలని 2012లో నియమం పెట్టారు. దాన్ని ఎవరు కట్టాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్న తగాదాల్లో అది ఏళ్లూపూళ్లూ సాగింది. 2015లో మాత్రం లండన్ శివారు హౌన్స్‌లోలో తల్లిదండ్రుల ఇంట్లోంచి ట్రేడింగ్ చేసే నవీందర్ సింగ్ సరావోను అరెస్టు చేశారు. అమలు చేసే ఉద్దేశం లేని ఆర్డర్లు పెట్టి ధరలను మభ్యపెట్టానని అతను నేరం ఒప్పుకున్నాడు. అప్పుడు పత్రికలు మళ్లీ ఆ పతనం గురించి రాశాయి. మనిషి దొరికాడు, కథ దొరికింది. మార్కెట్ నియమం మాత్రం మళ్లీ మరుగున పడింది.

2014 మార్చిలో మైకేల్ లూయిస్ ‘ఫ్లాష్ బాయ్స్’ పుస్తకం వచ్చాక కొన్నాళ్లు కదలిక వచ్చింది. అమెరికా సెనేట్ దర్యాప్తు ఉపసంఘం, కార్ల్ లెవిన్ అధ్యక్షతన, ఆ ఏడాది జూన్‌లో విచారణ జరిపింది. మరుసటి జనవరికల్లా లెవిన్ పదవీ విరమణ చేశారు. 2015లో హిల్లరీ క్లింటన్ తన ఎన్నికల ప్రణాళికలో, విపరీతంగా ఆర్డర్లు పెట్టి రద్దు చేసేవారి మీద పన్ను వేస్తామన్నారు. ఆ ఎన్నికల్లో ఓటర్లు దాని మీద ఓటేయలేదు, ఎవరూ దాని మీద వాదించనూ లేదు. ఐరోపాలో సంగతి కాస్త మెరుగు. 2012లో పార్లమెంటు ఆర్థిక కమిటీ, పెట్టిన ప్రతి ఆర్డరూ కనీసం అర సెకను నిలవాలని ఓటేసింది. చట్టం తుదిరూపం దాల్చేసరికి ఆ అర సెకను మాయమైంది. అల్గారిదంలకు పరీక్షలు, రికార్డులు, అనుమతుల నియమాలు మాత్రం మిగిలాయి. ఇటలీ 2013లో, అర సెకనులోపు రద్దయ్యే లేదా మారే ఆర్డర్ల మీద 0.02 శాతం పన్ను వేసింది.

ఇక మన దగ్గరికి వస్తే, ఎన్‌ఎస్‌ఈ వ్యవహారం బయటపడిన తీరే ఎంతో చెబుతుంది. 2010 నుంచి 2014 వరకు కో-లొకేషన్‌లోని సర్వర్లకు ధరల సమాచారం ఒకరి తర్వాత ఒకరికి వరసలో వెళ్లేది. ఉదయం ఎవరు ముందు లాగిన్ అయితే వారికి ముందు. రద్దీ తక్కువున్న సర్వర్‌కు కనెక్ట్ అయినవారికి ఇంకా ముందు. అందరికీ ఒకేసారి పంపే పద్ధతి 2014లో వచ్చింది. 2015 జనవరిలో ఒక అజ్ఞాత వ్యక్తి ఈ లోపాన్ని వివరిస్తూ సెబీకి ఉత్తరం రాసి, ప్రతిని పాత్రికేయురాలు సుచేతా దలాల్‌కు పంపారు. ఆమె, దేబాశిస్ బసు నడిపే మనీలైఫ్ జూన్‌లో దాన్ని ప్రచురించింది. ఎక్స్ఛేంజి వంద కోట్లకు పరువునష్టం దావా వేసింది. సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఎక్స్ఛేంజి కోరిన మధ్యంతర ఉత్తర్వును నిరాకరించి, ఎదురు 50 లక్షలు కట్టమంది. ఆ సొమ్ములో అధికభాగం ఆస్పత్రులకు వెళ్లింది.

ఆ ఇద్దరు పాత్రికేయులూ వెనక్కి తగ్గి ఉంటే? మొత్తం వ్యవహారం అక్కడితో ముగిసిపోయేది. తర్వాతి చరిత్ర కూడా నిరుత్సాహంగానే ఉంది. 2023 జనవరిలో అప్పీళ్ల ట్రిబ్యునల్ 624.89 కోట్ల ఉత్తర్వును కొట్టేసి, తగిన జాగ్రత్త తీసుకోనందుకు 100 కోట్లు కట్టమంది. 2024 సెప్టెంబరులో, బ్రోకర్లతో కుమ్మక్కయ్యారనడానికి చాలినంత సాక్ష్యం లేదని సెబీయే ఆ అభియోగాన్ని ముగించింది. ఎవరు దోషులన్నది కోర్టుల పని. నాలుగేళ్ల పాటు దేశపు అతిపెద్ద ఎక్స్ఛేంజిలో సమాచారం వరసలో వెళ్లిందన్నది మాత్రం ఎవరూ కాదనని సాంకేతిక సత్యం. దాని గురించి పెద్ద పార్టీలేవీ ఊరూరా మాట్లాడలేదు.

దీన్ని సత్యం కంప్యూటర్స్ కుంభకోణంతో పోల్చి చూడండి. 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఒప్పుకోలు ఉత్తరం గంటల్లో తెలుగునేల అంతటా పాకింది. అక్కడ ఒక పేరు ఉంది, ఊళ్లో అందరూ చూసిన భవనం ఉంది, జీతాలు అందుతాయో లేదోనని భయపడ్డ ఉద్యోగులు ఉన్నారు. లేని సొమ్మును లెక్కల్లో ఉన్నట్టు చూపారన్న మాట ఎవరికైనా ఒక్క వాక్యంలో అర్థమవుతుంది. కో-లొకేషన్ వ్యవహారాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలిగే రాజకీయ నాయకుడు ఇంకా పుట్టలేదు. అది నాయకుల తెలివితక్కువ కాదు. చెప్పినా ఓటు రాలదని వారికి తెలుసు.

షేర్లు కొననివాళ్లకు ఇదంతా ఎందుకన్న ప్రశ్న వస్తుంది. 2025 నాటికి దేశంలో డీమ్యాట్ ఖాతాలు 19 కోట్లు దాటాయి. అవి లేని ఉద్యోగి సొమ్ము కూడా మార్కెట్‌లోనే ఉంది. 2015 ఆగస్టు నుంచి ప్రావిడెంట్ ఫండ్ సంస్థ తనకు వచ్చే డబ్బులో కొంత భాగాన్ని సూచీ ఫండ్లలో పెడుతోంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో కార్మికుడు ఒక్క షేరు కూడా కొనకుండానే మదుపరి అయ్యాడు. ఆ ఫండ్లు కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ ఇదే మార్కెట్‌కు వస్తాయి.

ఫ్యూచర్స్, ఆప్షన్స్ వంటి డెరివేటివ్స్‌లో అయితే సంఖ్యలు పైసల్లో లేవు. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.81 లక్షల కోట్ల రూపాయలు. 2023–24లో ఇలా ట్రేడింగ్ చేసినవారిలో నాలుగింట మూడొంతుల మంది తమ వార్షికాదాయం ఐదు లక్షల లోపని చెప్పుకున్నారు. అదే ఏడాది సొంత సొమ్ముతో ట్రేడింగ్ చేసే సంస్థలు 33 వేల కోట్లు, విదేశీ మదుపు సంస్థలు 28 వేల కోట్లు స్థూల లాభం పొందాయి. ఆ లాభాల్లో 96, 97 శాతం అల్గారిదంల ద్వారా వచ్చినవే. వ్యక్తుల నష్టానికంతటికీ వేగమే కారణమనడం తప్పు. అప్పులు తెచ్చి ఆప్షన్స్‌లో పెట్టే తొందర, యూట్యూబ్ సలహాలు, ప్రతి లావాదేవీ మీదా పడే ఖర్చులు కూడా అందులో ఉన్నాయి. అయితే బల్లకు అవతలి వైపు కూర్చున్నది మనిషి కాదని ఎంతమందికి తెలుసు?

2025 జులై 3న సెబీ అమెరికా సంస్థ జేన్ స్ట్రీట్ మీద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, 4,843.57 కోట్ల రూపాయలను అక్రమ లాభంగా లెక్కగట్టింది. ఉదయం బ్యాంకుల సూచీ అయిన బ్యాంక్ నిఫ్టీలోని షేర్లను దూకుడుగా కొని సూచీని లేపడం, అదే సమయంలో ఆప్షన్స్‌లో దానికి ఎన్నో రెట్లు ఎదురు పందెం కట్టడం, మధ్యాహ్నం ఆ షేర్లను అమ్మేయడం అన్నది అభియోగం. సంస్థ దీన్ని ఖండించి, సొమ్ము డిపాజిట్ చేసి, ట్రిబ్యునల్‌కు వెళ్లింది. ఇది మైక్రోసెకన్ల పరుగు కాదు. యంత్రబలం, డబ్బుబలం కలిసిన వ్యవహారం. అయినా గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ సంస్థకు భారత ఆప్షన్స్‌లో భారీ లాభాలు వస్తున్నాయని లోకానికి తెలిసింది 2024లో న్యూయార్క్ కోర్టులో. తమ రహస్య వ్యూహాన్ని మాజీ ఉద్యోగులు ఎత్తుకుపోయారని సంస్థే వేసిన దావాలో.

పరిష్కారాలు లేవా అంటే ఉన్నాయి. బుడిష్ బృందం సూచించింది సరళమైనది: ఆర్డర్లను ఎప్పటికప్పుడు కాకుండా చిన్న చిన్న విరామాల్లో పోగుచేసి, ఒకే ధరకు వేలంలా జతచేయడం. ఆ విరామంలో వచ్చినవారందరూ సమానమే అవుతారు కాబట్టి, ముందు రావడం కంటే మంచి ధర ఇవ్వడమే గెలుపు. తైవాన్ మార్కెట్ దశాబ్దాల పాటు ఇలాంటి పద్ధతిలోనే నడిచి, 2020 మార్చిలో మిగతా ప్రపంచం దారి పట్టింది. అమెరికాలో బ్రాడ్ కత్సుయామా స్థాపించిన ఐఈఎక్స్ ఇంకో ఉపాయం చేసింది. 61 కిలోమీటర్ల ఫైబర్‌ను పెట్టెలో చుట్టగా చుట్టి, వచ్చిన ప్రతి ఆర్డరునూ దానిగుండా పంపుతుంది. 350 మైక్రోసెకన్లు ఆలస్యం. పెద్ద ఎక్స్ఛేంజిలు అభ్యంతరం చెప్పినా 2016 జూన్‌లో దానికి ఎక్స్ఛేంజిగా అనుమతి వచ్చింది.

సెబీ కూడా 2016 ఆగస్టులో ఒక చర్చాపత్రం విడుదల చేసింది. ఆర్డర్లకు కనీస ఆయుష్షు, విరామాల వేలం, యాదృచ్ఛిక ఆలస్యం, కో-లొకేషన్ ఆర్డర్లకు వేరే వరస వంటివన్నీ అందులో ఉన్నాయి. ప్రపంచంలో ఏ నియంత్రణ సంస్థ ప్రతిపాదనలతో పోల్చినా తీసిపోని జాబితా అది. అభిప్రాయాలు పంపిన వారిలో మామూలు మదుపర్ల గొంతు వినిపించే అవకాశం ఎంత? 2018 ఏప్రిల్‌లో వచ్చిన తుది నిర్ణయాల్లో పంచుకునే కో-లొకేషన్, ప్రతి కదలికను చూపే డేటా ఉచితం, అతిగా ఆర్డర్లు పెట్టేవారికి జరిమానా నియమాల సవరణ ఉన్నాయి. చిన్న బ్రోకర్లకు ఇవి మేలు చేశాయి. పరుగుకు మూలమైన నియమం జోలికి మాత్రం పోలేదు. 2024 అక్టోబరులో ఆప్షన్స్ మీద తెచ్చిన ఆంక్షలు కూడా చిన్న ట్రేడర్ల దూకుడును తగ్గించేవే.

పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం సెబీ అధికారులను పిలిచి అడగగల ప్రశ్న ఒకటుంది. ఇక్కడ ఒక్కో షేరులో, ఒక్కో ఆప్షన్‌లో రోజుకు ఎన్ని పరుగులు జరుగుతున్నాయి, ఎన్ని సంస్థలు గెలుస్తున్నాయి, లక్షకు ఎంత భారం పడుతోంది? లండన్‌లో ఈ లెక్క తేలింది పరిశోధకుల ప్రతిభ వల్ల మాత్రమే కాదు. నియంత్రణ సంస్థ ఎక్స్ఛేంజిని అడిగింది, ఎక్స్ఛేంజి ఇచ్చింది. అందుకు 43 రోజుల సందేశాలు సరిపోయాయి. ఎక్స్ఛేంజిల నుంచి రికార్డులు తెప్పించుకునే అధికారం 1992 నాటి సెబీ చట్టంలోనే ఉంది.